జర్మనీలో మొదటి ఆరు నెలలు: సీమ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప నుంచి జర్మనీకి చదువుకు పోయే పిల్లలకు అడ్మిషన్ గురించి, మన మార్కుల కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ గురించి, వీసా గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. దిగిన మర్నాటి నుంచి ఎట్లా బతకాలో చెప్పేవాళ్లే తక్కువ. అందుకే ఈ వ్యాసం వీసా స్టాంపు పడ్డ దగ్గర్నుంచి మొదలవుతుంది.

అక్కడ ఎక్కువమంది దెబ్బతినేది చదువులో కాదు, వరస తప్పడంలో. ఇంటి ఓనర్ కాగితం లేనిదే చిరునామా నమోదు కాదు. చిరునామా లేనిదే ట్యాక్స్ నంబరు రాదు. బ్యాంకు ఖాతా లేనిదే మీరు ఇక్కడినుంచి కట్టి పంపిన మీ డబ్బే మీ చేతికి రాదు. ఒక్కటి ఆలస్యమైతే దాని వెనకున్నవన్నీ ఆగుతాయి.

పెట్టె సర్దేటప్పుడు

ముందు తిండి సంగతి, ఎందుకంటే ఇంట్లో గొడవంతా దాని గురించే. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు వెంట తేకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. కొంచెమే కదా అంటే కుదరదు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలపొడి అన్నీ ఇందులోకే వస్తాయి. దొరికితే తీసి పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. పాలకోవా గురించి కస్టమ్స్ వాళ్లతో వాదన పెట్టుకునే కంటే ఇంట్లోనే తిని బయల్దేరడం మేలు. చేపలకు మాత్రం ఈ నిషేధం లేదు, మనిషికి 20 కిలోల దాకా వదులుతారు. తేనె 2 కిలోల దాకా తీసుకెళ్లొచ్చు.

పచ్చి ఆకులు, కాయలు, పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్ ఈ ఐదింటికే మినహాయింపు. అంటే పెరట్లోంచి కోసిన కరివేపాకు కట్ట, గోంగూర, మునక్కాయలు, మామిడికాయలు పెట్టకూడదు. కరివేపాకును పొడి కొట్టించుకోండి, గోంగూరను పచ్చడి చేసి తీసుకెళ్లండి. ఎండు కొబ్బరిని చెక్-ఇన్ పెట్టెలో పెట్టొద్దు. అందులోని నూనె వల్ల అది అంటుకునే సరుకు కిందికి వస్తుంది, మన విమానాశ్రయంలోనే తీయిస్తారు. పవర్ బ్యాంకు దీనికి ఉల్టా: అది చేతి సంచిలోనే ఉండాలి.

నూనె పచ్చళ్లు కారకుండా ఉండాలంటే సీసా నిండా నింపొద్దు, రెండు వేళ్ల జాగా వదలండి. మూత కింద ఒక ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి, బట్టల మధ్య నిలువుగా సర్దండి. చేతి సంచిలో పచ్చడి పెడితే దాన్ని ద్రవంగానే లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే పోయినట్టే.

బియ్యం, కందిపప్పు, రాగిపిండి మోసుకెళ్లే పని లేదు. ఓ మాదిరి పట్టణాల్లో కూడా ఇండియన్ షాపో, ఏషియన్ షాపో ఉంటుంది. ఎర్ర మైసూరు పప్పు, వంకాయలు, బెండకాయలు, కొత్తిమీర కట్టలు టర్కీ వాళ్ల అంగళ్లలో దొరుకుతాయి. మన ఇంటి రుచి దొరకనివే పెట్టుకోండి: ఇంట్లో కొట్టించిన ఎర్రకారం ఒక కిలో, శెనిక్కాయల పొడి, పుట్నాల పొడి, చింతపండు అరకిలో.

కుక్కర్ మూడు లీటర్లది, అడుగున ఇండక్షన్ గుర్తు ఉన్న స్టీలుది కొనండి. అక్కడ చాలా వంటగదుల్లో గ్యాస్ ఉండదు, ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం వేడెక్కదు. విజిల్, సేఫ్టీ వాల్వ్, రెండు గాస్కెట్లు అదనంగా వేసుకోండి, ఆ బ్రాండు విడిభాగాలు అక్కడ వెతికి దొరికించుకోవడం కష్టం. మిక్సీ తీసుకెళ్లొచ్చు. మన దగ్గరలాగే అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పట్టదు, మంచి అడాప్టర్ ఒకటి కావాలి.

కాగితాలన్నీ చేతి సంచిలోనే. పది నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ మార్కుల మెమోలు, ప్రొవిజినల్, ట్రాన్స్‌క్రిప్ట్‌లు, జనన ధ్రువపత్రం, అన్నిటికీ రెండేసి జిరాక్సులు, ఫోన్‌లో స్కాన్‌లు. జేఎన్‌టీయూ అనంతపురం, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీ, మీది ఏదైనా సరే, సీల్ వేసిన ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఒకటి రెండు ఎక్కువ తీసుకునే బయల్దేరండి. తర్వాత కావాలంటే అమ్మానాన్నలు మీరు సంతకం చేసిన అధికార పత్రం పట్టుకుని పరీక్షల విభాగం చుట్టూ తిరగాల్సి వస్తుంది.

బయల్దేరే ముందు ఇంకో రెండు పనులు. బ్యాంకుకు లింకైన ఇండియా నంబరును చనిపోనీయొద్దు. ఓటీపీ దానికే వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికైనా గడువు తేదీ చెప్పి రీఛార్జ్ చేయించండి, రోమింగ్ ముందే ఆన్ చేసుకోండి. చదువుకు విదేశం వెళ్లినవాళ్లు ఫెమా అనే విదేశీ మారక చట్టం ప్రకారం ప్రవాసుల కిందికే వస్తారు, కాబట్టి ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ప్రవాసుల రూపాయి ఖాతాగా మార్చమని బ్యాంకుకు రాసివ్వండి.

విమానం ఎక్కడ ఎక్కాలన్నది ఊరిని బట్టి తేలిపోతుంది. శంషాబాద్, దేవనహళ్లి రెండూ 44వ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. కర్నూలు వాళ్లు పైకి పోతే శంషాబాద్, అనంతపురం వాళ్లు కిందికి పోతే బెంగళూరు, రెండూ నగరంలోకి దూరకముందే వస్తాయి. కడప వాళ్లు చెన్నై, బెంగళూరుల్లో టికెట్ ఎక్కడ చౌకైతే అక్కడికి.

దిగాక చేయాల్సిన వరస

1. గది. స్టూడెంట్ హాస్టళ్లు నడిపేది స్టుడీరెండెన్‌వెర్క్. అడ్మిషన్ రాగానే అక్కడ దరఖాస్తు పెట్టండి, పెద్ద ఊళ్లలో వెయిటింగ్ నెలల తరబడి ఉంటుంది. నలుగురు కలిసి ఉండే ఇంటిని వేగే అంటారు. అద్దెలో రెండు లెక్కలున్నాయి: గది అద్దె మాత్రమే అయితే కాల్ట్‌మీటె, హీటింగ్, నీళ్ల వంటి ఖర్చులు కలిపితే వార్మ్‌మీటె. ప్రకటనలో ఏది రాశారో చూడకపోతే నెలకు వంద యూరోల తేడా వస్తుంది. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు, దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కిరాయిదారుకు చట్టంలోనే ఉంది. "నేను వేరే దేశంలో ఉన్నా, డబ్బు పంపితే తాళంచెవి కొరియర్ చేస్తా" అన్నవాడు మోసగాడు. గదిని చూడకుండా, కనీసం నమ్మకమైన మనిషి చేత వీడియోలో చూపించుకోకుండా, ఒక్క యూరో కూడా పంపొద్దు.

2. చిరునామా నమోదు, అదే ఆన్‌మెల్డుంగ్. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి పౌర కార్యాలయంలో చేయించాలి. పాస్‌పోర్టు, ఫారం, ఓనర్ సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. మీరు మా ఇంట్లో చేరారని ఓనర్ ఒప్పుకునే పత్రం అది. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు, ఈ కాగితం విడిగా అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ గదే వద్దు. అపాయింట్‌మెంట్లు పెద్ద నగరాల్లో వారాల తర్వాత దొరుకుతాయి, కాబట్టి ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో పట్టుకోండి.

3. పోస్టు డబ్బా మీద పేరు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ దీన్ని వదిలేసినవాళ్లు పడే బాధ అంతా ఇంతా కాదు. డబ్బా మీద మీ ఇంటిపేరు లేకపోతే పోస్ట్‌మాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ కాగితం ఉత్తరాలుగానే వస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో అదే రాయండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే ఉత్తరాల మీద ఏ పేరు వస్తుందో చూసి అదే అంటించండి.

4. బ్యాంకు ఖాతా. నమోదు పత్రం, పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఎన్‌రోల్‌మెంట్ పత్రంతో కరెంటు ఖాతా తెరవండి. దాని ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) బ్లాక్డ్ అకౌంట్, అంటే వీసా కోసం మీరు ముందే డబ్బు కట్టి ఉంచిన ఖాతా వాళ్లకు ఇస్తేనే నెలనెలా డబ్బు విడుదలవుతుంది. ఇది తేలడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు కాబట్టి మొదటి నెలకు, డిపాజిట్‌కు విడిగా డబ్బు ఉండాలి.

5. ఆరోగ్య బీమా. టీకే, ఏఓకే, బార్మర్ లాంటి ప్రభుత్వ బీమా సంస్థల్లో 30 ఏళ్ల లోపు విద్యార్థులకు నెలకు దాదాపు 140 నుంచి 150 యూరోలు. ఇది లేకుండా యూనివర్సిటీ చేర్చుకోదు. చౌక అని ప్రైవేటు బీమాకు పోతే మొదట్లో తీసుకున్న ఆ నిర్ణయం మొత్తం చదువుకాలానికి కట్టేస్తుంది, మధ్యలో ప్రభుత్వ బీమాకు మారడం చాలా కష్టం.

6. ట్యాక్స్ నంబరు. అడగక్కర్లేదు, నమోదైన రెండు నుంచి నాలుగు వారాల్లో ఉత్తరంలో వస్తుంది. పారేయొద్దు, జీవితాంతం అదే నంబరు.

7. రెసిడెన్స్ పర్మిట్. వీసా మీద ఉన్న గడువు చదువు మొత్తానికి కాదు, కొన్ని నెలలకే. ఆ తేదీ లోపు ఆవుస్‌లెండర్‌బెహోర్డె అనే విదేశీయుల కార్యాలయంలో దరఖాస్తు పడాలి. కార్డు చేతికి రావడం ఆలస్యమైనా పర్వాలేదు, దరఖాస్తు పెట్టిన రుజువు మాత్రం ఉండాలి. ఈమెయిల్ పంపినా స్క్రీన్‌షాట్ దాచుకోండి.

నమోదైన కొన్ని వారాలకు రేడియో, టీవీ చందా కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. నెలకు 18.36 యూరోలు. "మా ఇంట్లో టీవీనే లేదు" అని చాలామంది చించేస్తారు. టీవీతో సంబంధం లేదు, ఇంటికి ఒకటి చొప్పున కట్టాల్సిందే. మనిషికి కాదు, ఇంటికి కాబట్టి వేగేలో ముగ్గురుంటే ఒకరి పేరుమీద కట్టి ఆరేసి యూరోలు పంచుకోండి. మిగతా ఇద్దరూ ఆ చందా నంబరు రాసి జవాబు పంపాలి. పట్టించుకోకుండా వదిలేస్తే బాకీ జరిమానాతో పెరిగి వసూలు నోటీసు వస్తుంది.

గది: తలుపు, నీళ్లు, గాలి

తలుపు వేస్తే చాలు, బయటనుంచి పిడి తిప్పినా తెరుచుకోదు. చెత్త పారేసి రావడానికి తాళంచెవి లేకుండా బయటికొచ్చి నిలబడిపోవడం కొత్తవాళ్లకు తప్పకుండా జరిగే ముచ్చట. రాత్రిపూట తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే వందల యూరోలు. హాస్టల్ తాళంచెవి పోగొడితే ఇంకా పెద్ద ఖర్చు, కొన్ని భవనాల్లో ఒకే తాళాల వ్యవస్థ ఉంటుంది, మొత్తం మార్చి బిల్లు మీకు పంపొచ్చు. నెలకు కొద్ది యూరోలతో హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే బీమా ఉంటుంది, ఎదుటివాళ్లకు మన వల్ల జరిగిన నష్టం అది భరిస్తుంది. తాళంచెవి నష్టం కూడా అందులో ఉందో లేదో చూసి తీసుకోండి.

బాత్రూంలో షవర్ గడికి బయట నేల మీద నీళ్లు పోయే తూము చాలాచోట్ల ఉండదు. బకెట్టు పెట్టుకుని చెంబుతో పోసుకుంటే నీళ్లు టైల్స్ సందుల్లోంచి దిగి కింది ఇంటివాళ్ల పైకప్పు తడుపుతాయి. స్నానం షవర్ గడి లోపలే, తెర లోపలికి వేసుకుని. టాయిలెట్ దగ్గర చిన్న సీసా వాడినా నేల వెంటనే తుడవాలి.

ఇక గాలి. సీమలో ఉతికిన బట్ట మిద్దె మీద వేస్తే గంటలో ఎండుతుంది. తేమ అనేది ఒక సమస్య అని మనకు అలవాటు లేదు. జర్మనీలో చలికాలం కిటికీలు బిగించి, లోపలే వండి, లోపలే స్నానం చేసి, లోపలే బట్టలు ఆరేస్తే ఆ ఆవిరంతా గదిలోనే ఉండిపోతుంది. చల్లగా ఉన్న బయటి గోడ మూలలో, కిటికీ చుట్టూ, బీరువా వెనకాల నీరుగా దిగి పది రోజుల్లో నల్ల బూజు పడుతుంది. దానికి అక్కడ షిమ్మెల్ అని పేరు, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడేది ఎక్కువగా దీనికే.

చేయాల్సింది ఇది. రోజుకు రెండు మూడుసార్లు కిటికీ పూర్తిగా తెరిచి, 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయాలి. తెరిచినప్పుడు హీటర్ తగ్గించాలి. కిటికీని పైన కొంచెం వంచి గంటల తరబడి వదలడం తప్పు పద్ధతి: తేమ పెద్దగా పోదు, గోడ మాత్రం చల్లబడి ఇంకా ఎక్కువ నీరు పడుతుంది, హీటింగ్ బిల్లు పెరుగుతుంది. స్నానం, వంట అయిన వెంటనే ఒకసారి తప్పనిసరి. బీరువాను బయటి గోడకు ఆనించొద్దు, నాలుగు వేళ్ల సందు ఉంచండి. హీటర్ మీటలో 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. 5 మీద పెడితే గది త్వరగా వేడెక్కదు, ఎక్కువ వేడెక్కుతుందంతే. డబ్బు మిగులుతుందని పూర్తిగా ఆపేసి కాలేజీకి పోతే గోడలు చల్లబడి బూజుకు దారి తీస్తుంది, 2 మీద వదిలి వెళ్లండి.

కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. చాలా ఊళ్లలో మన బోరు నీళ్లలాగే సున్నం ఎక్కువ కాబట్టి కెటిల్ అడుగున తెల్లగా పొర కడుతుంది, సిట్రిక్ యాసిడ్ ఒక చెంచా నీళ్లలో వేసి కాసేపు ఉంచితే ఊడిపోతుంది.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారం రోజంతా అదే పద్ధతి. మిక్సీ, వాషింగ్ మెషిన్, స్పీకర్‌లో ఫోన్ మాటలు అన్నీ ఇందులోకి వస్తాయి.

వంటిల్లు

పొగ అలారం ప్రతి పడకగదిలో, నడవాలో ఉంటుంది. కొన్ని హాస్టళ్లలో అది నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిసి ఉంటుంది, ఉత్తపుణ్యానికి బండి వస్తే బిల్లు కారణమైనవాళ్లకే రావచ్చు. అలారం మీద ప్లాస్టిక్ కవరు తొడగడం ప్రమాదమూ, తప్పూ. తిరవాత వేసేటప్పుడు చేయాల్సింది: నడవా వైపు తలుపు మూయండి, కిటికీ తెరవండి, పొయ్యి పైనున్న ఫ్యాన్ ముందే వేయండి. నూనె పొగలు కక్కేదాకా కాగనీయొద్దు. ఆవాలు చిటపటలాడాక మంట తగ్గించి, ఎండుమిరపకాయ చివర్లో వేసి వెంటనే మూత పెట్టండి. ఘాటు పొగ వచ్చేది మాడిన మిరపకాయ నుంచే.

మిగిలిన నూనె సింకులో పోయొద్దు, చలికి గొట్టంలోనే గడ్డకట్టి మూసుకుపోతుంది. ఖాళీ సీసాలో పోసి మామూలు చెత్తలో వేయండి. పసుపు మరక తెల్ల వంటగట్టు మీద పడితే అప్పుడే తుడవాలి, ఆరితే పోదు.

నెయ్యి. ఇక్కడినుంచి తీసుకెళ్లలేరు గానీ అక్కడ వెన్న మంచిది. రెండు రకాలుంటాయి: స్యూస్‌రామ్‌బుటర్ తీపి మీగడది, సావర్‌రామ్‌బుటర్ పులిసిన మీగడది. మన పెరుగు చిలికిన వెన్న వాసనకు దగ్గరగా వచ్చేది రెండోది. 250 గ్రాముల ప్యాకెట్‌ను మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద పెట్టండి. నురగ వచ్చి తగ్గి, అడుగున గసి గోధుమ రంగుకు తిరగగానే దించి వడగట్టండి. వెన్నలో కొవ్వు 82 శాతం కాబట్టి దాదాపు 200 గ్రాముల నెయ్యి చేతికొస్తుంది. ఎలక్ట్రిక్ పొయ్యి ఆపినా వేడి దిగదు, రంగు తిరగగానే గిన్నె పక్కకు జరపకపోతే మాడుతుంది.

పెరుగు. గదిలో 20 డిగ్రీలే కాబట్టి మన లెక్కన రాత్రి తోడేస్తే పొద్దునకు పాలే కనబడతాయి. ఫుల్ క్రీమ్ పాలు అర లీటరు కాచి, వేలు పెడితే తట్టుకునేంత వేడికి, అంటే 40 నుంచి 45 డిగ్రీలకు చల్లార్చండి. చక్కెర లేని నాటూర్‌యోగుర్ట్ ఒక చెంచా కలిపి, గిన్నెను టవల్‌లో చుట్టి, ఓవెన్‌లో లైటు మాత్రమే వేసి 6 నుంచి 8 గంటలు ఉంచండి. ఆ లైటు వేడే చాలు.

సంగటి, ఒక మనిషికి (గ్లాసు అంటే 200 మిల్లీలీటర్లది):

• అర గ్లాసు బియ్యం 20 నిమిషాలు నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసి మెతుకు నలిగేదాకా ఉడికించండి. గంజి ఇంకా పైన తేలుతుండాలి. ఒక గరిటె గంజి తీసి పక్కన పెట్టుకోండి.
• ముప్పావు గ్లాసు రాగిపిండి నడిమధ్యన కుప్పగా పోయండి. కలపొద్దు. కట్టెతో మూడు నాలుగు బొక్కలు పొడిచి మూత పెట్టండి.
• అతి తక్కువ సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు. గాజు పొయ్యి 9 నుంచి 2కి తిప్పినా చాలాసేపు కాగుతూనే ఉంటుంది కాబట్టి పక్క బర్నర్‌ను ముందే 2 మీద పెట్టుకుని గిన్నెను దాని మీదికి మార్చండి. ఇండక్షన్ అయితే ఈ బాధ లేదు.
• దించి, నేల మీద తడిగుడ్డ వేసి దానిమీద పెట్టి కెలకండి. పొయ్యి మీదే కెలికితే గాజు గీతలు పడుతుంది, బరువుకు పగలనూ వచ్చు. గట్టిగా అనిపిస్తే దాచిన గంజి పోయండి. చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టండి.

ఉండలు కట్టిందంటే పిండి ఆవిరికి మగ్గకముందే కలిపారని. పచ్చి వాసన వచ్చిందంటే సమయం చాల్లేదని.

ఉగ్గానికి బొరుగులు ఇండియన్ షాపులో దొరుకుతాయి, కానీ అవి ఎక్కువగా భేల్‌పూరికి వాడే పల్చటి రకం. మన బొరుగుల్లాగా నీళ్లలో వేసి వదిలితే పేస్టు అవుతాయి. జల్లెడలో పోసి కుళాయి కింద ఒక్కసారి తిప్పి వెంటనే పిండండి. మిగతాదంతా మామూలే: ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముద్ద, పసుపు, దించాక పుట్నాల పొడి, నిమ్మరసం. జర్మన్ అంగళ్లలో పెద్ద పచ్చిమిరపకాయలకు కారం ఉండదు, ఏషియన్ షాపులో థాయ్ మిర్చి కొనండి. పక్కన బజ్జీ లేకుండా ఉగ్గాని ఏమిటని అనిపిస్తుంది, నిజమే, కానీ నలుగురి వంటింట్లో నూనె కాచే ముందు అలారం గుర్తు తెచ్చుకోండి.

ఆదివారం అంగళ్లు మూత. రైల్వే స్టేషన్లలోని కొన్ని షాపుల్లాంటివి తప్ప పెద్దగా ఏమీ తెరిచి ఉండవు, కాబట్టి సరుకులు శనివారం లోపే. కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు, టిన్నులకు ఎక్కువగా 25 సెంట్లు డిపాజిట్ ముందే పట్టుకుంటారు. ఖాళీ సీసాను నలపకుండా షాపులోని మెషిన్‌లో వేస్తే డబ్బు తిరిగి వస్తుంది. నలిపితే గుర్తు చదవదు.

డబ్బు లెక్క

బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అందులోంచి నెలకు 992 చేతికొస్తుంది. ఇది 2024 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన లెక్క. రూపాయల్లో ఇది 10 లక్షలు దాటుతుంది, ఆ గీత దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటుంది. డబ్బు విద్యా రుణం నుంచి పోతే పట్టుకోరు. పట్టుకున్నదాన్ని ఎవరి పాన్ మీద పంపారో వాళ్ల ఇన్‌కంటాక్స్ రిటర్న్‌లో తిరిగి లెక్కకు తెచ్చుకోవచ్చు. చాలామంది నాన్నలు ఈ సంగతి ఆడిటర్‌కు చెప్పడం మరిచిపోతారు.

ఓ మాదిరి ఊళ్లో నెల ఖర్చు ఇట్లా ఉంటుంది: గది 350, బీమా 145, తిండి 200, ఫోన్ 10, టీవీ చందా వాటా 6, సెమిస్టర్ ఫీజు కోసం పక్కన పెట్టేది 50. మొత్తం 761, మిగిలేది 231. మ్యూనిక్‌లో గది ఒక్కటే దీనికి రెండింతలు కావచ్చు, ఆ ఊరికి ఈ లెక్క పనికిరాదు.

సెమిస్టర్ ఫీజులోనే చాలా యూనివర్సిటీల్లో ప్రయాణ టికెట్ కలిసి ఉంటుంది. లేకుంటే దేశమంతా లోకల్ రైళ్లకు, బస్సులకు పనిచేసే డోయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఐసీఈ లాంటి వేగపు రైళ్లలో చెల్లదు. దాన్ని ఆపాలంటే నెల 10వ తేదీ లోపు రద్దు చేయాలి, 11న చేస్తే ఇంకో నెల డబ్బు పోతుంది. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు.

పార్ట్‌టైమ్ పని

ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే బీమా లెక్కల్లో మీరు విద్యార్థి కాకుండా ఉద్యోగి అవుతారు, కటింగులు పెరుగుతాయి. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, మినీజాబ్ అనే చిన్న పార్ట్‌టైమ్ కొలువుకు సంపాదన పరిమితి నెలకు 603. అంటే నెలకు 43 గంటలు.

ఫుడ్ డెలివరీలో ఉద్యోగిగా తీసుకుంటున్నారా, స్వయంఉపాధిగా బిల్లు రాయమంటున్నారా చూడండి. విద్యార్థి పర్మిట్ మీద స్వయంఉపాధికి విడిగా అనుమతి ఉండాలి. లెక్కలో చూపకుండా చేతికి డబ్బిస్తామనే హోటళ్లు ఎక్కడైనా ఉంటాయి. దొరికితే పోయేది పర్మిట్, పైగా పనిలో చెయ్యి కాలినా బీమా రాదు. జీతంలో ట్యాక్స్ కోసినా ఏడాది మొత్తం 12,348 యూరోలు (2026 లెక్క) లోపే సంపాదిస్తే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. నాలుగేళ్ల దాకా గడువుంది.

ఒళ్లు బాగోలేకపోతే

ప్రాణం మీదికొస్తే 112. రాత్రి జ్వరం లాంటి వాటికి 116117. మామూలు సుస్తీకి ముందే ఒక హౌస్‌ఆర్ట్స్‌ట్, అంటే ఇంటి డాక్టర్‌ని చూసి పెట్టుకోండి. జలుబుకు యాంటీబయాటిక్ అడిగితే ఇవ్వరు, చీటీ లేకుండా మెడికల్ షాపులోనూ ఇవ్వరు. రోజూ వేసుకునే మందులుంటే మూడు నెలలకు మించకుండా, ఇంగ్లీషులో రాసిన ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్లండి. పరీక్ష రోజు ఒంట్లో బాగోలేకపోతే డాక్టర్ సర్టిఫికెట్ అదే రోజు తీసుకోవాలి.

పరీక్షలు

క్లాసుకు పోతే పరీక్షకు పేరు నమోదైనట్టు కాదు. పోర్టల్‌లో విడిగా, గడువు లోపు నమోదు చేసుకోవాలి, దాటితే ఆ సెమిస్టర్‌కు అంతే. మార్కులు 1.0 నుంచి మొదలవుతాయి, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. ఒక సబ్జెక్టుకు సాధారణంగా మూడు అవకాశాలే. మూడోదీ పోతే ఆ కోర్సు నుంచే తీసేస్తారు, దేశంలో వేరే యూనివర్సిటీలో అదే కోర్సు చేరడానికీ అడ్డు పడుతుంది. మన సప్లిమెంటరీల అలవాటుతో "ఒకసారి రాసి చూద్దాం" అని పోవద్దు. చదవలేదనిపిస్తే గడువు లోపు పేరు వెనక్కి తీసుకోండి.

ఇంటితో మాట, ఇంటినుంచి పార్శిల్

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. పగలు ఎండ ఉన్న గంటలో బయట నడవడం చాలామంది చలికని మానేస్తారు, తర్వాత నిద్ర పట్టక, దిగులుగా ఉందని బాధపడతారు. లోపల పల్చటి బట్ట, మధ్యలో ఉన్ని, పైన గాలి దూరని కోటు, ఇట్లా పొరలుగా వేసుకుని బయటికి పోండి. మందపాటి స్వెట్టర్ ఒక్కటి వేసుకుంటే లోపల చెమట, బయట చలి. చలి కోటు, బూట్లు ఇక్కడ కొనొద్దు, అక్కడే కొనండి.

మనకూ వాళ్లకూ వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారం గడియారం మారుతుంది. కడపలో అమ్మ తొమ్మిదిన్నరకు పడుకుంటే చలికాలంలో మీకు అప్పుడు సాయంత్రం అయిదు. క్లాసు అయ్యాక తీరిగ్గా చేద్దామంటే ఆమె నిద్రలో ఉంటుంది. మధ్యాహ్నం భోజనం వేళ చేయడం కుదురుతుంది.

పండక్కి పార్శిల్ పంపుతామని ఇంట్లో అంటే పైన చెప్పిన మాంసం, పాల నిషేధం పోస్టుకూ వర్తిస్తుందని చెప్పండి. ఇంటివాళ్లు బహుమతిగా పంపే సరుకు 45 యూరోల లోపు విలువైతే సుంకం లేదు. పెట్టె మీద కస్టమ్స్ ఫారంలో "తినుబండారాలు" అని ఒక్క ముక్కలో రాయొద్దు. కారంపొడి ఇన్ని గ్రాములు, విలువ ఇంత, శెనిక్కాయల పొడి ఇన్ని గ్రాములు, విలువ ఇంత అని ఇంగ్లీషులో విడివిడిగా రాయించండి. వివరం లేని పెట్టెను కస్టమ్స్ ఆఫీసులో ఆపి, మీరొచ్చి విప్పి చూపమని ఉత్తరం పంపుతారు. ఆ ఉత్తరం కూడా డబ్బా మీద పేరుంటేనే మీకు అందుతుంది.